రోగి పాటించడం లేదు

నడుం నొప్పి, మెడ నొప్పి రాకుండా ఏం చెయ్యాలని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ అరగంట ఆగకుండా చెప్పగలను. బరువెత్తేటప్పుడు నడుము వంచకండి, మోకాళ్ళు వంచండి. బిందెని ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఎంత పనున్నా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దాని మీదకి వాలిపోకండి, దాన్నే కళ్ళ ఎత్తుకి తెచ్చుకోండి. తల కింద రెండేసి దిళ్ళు పెట్టుకోకండి. మంచం మీంచి లేచేటప్పుడు ఒక పక్కకి తిరిగి, చేత్తో ఊతం తీసుకుని లేవండి. ముప్పై ఏళ్ళకి పైగా ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి ఈ ముక్కలే రోజుకి ఇరవైసార్లు చెప్పాను. ఇవన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. ఈ నిజాలు చెబుతూ చెబుతూనే ఒక మనిషి చేతులు పోగొట్టాను.

రిటైరై మూడేళ్ళయింది. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో గుర్తుండిపోయిన కేసు ఏదైనా చెప్పండి" అంటుంటారు. వాళ్ళకి కావలసింది స్ట్రెచర్ మీద వచ్చి నడుచుకుంటూ ఇంటికెళ్ళిన వాళ్ళ కథ. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయి, కాఫీతో పాటు ఇస్తుంటాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నోటితో చెబితే మధ్యలో ఎక్కడో ఒకచోట నన్ను నేను వెనకేసుకొస్తానని భయం. రాస్తే, అలా వెనకేసుకొచ్చిన వాక్యం కనపడుతుంది, కొట్టెయ్యొచ్చు. ఇప్పటికి చాలానే కొట్టేశాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాది పెద్ద నోరు. మా ఆసుపత్రిలో నా గది వరండా చివర ఉండేది. నేను తలుపు తియ్యగానే బెంచీ మీద కూర్చున్న జనమంతా బడిలో పిల్లల్లా నడుములు నిటారుగా పెట్టేవారు. నా వెనకాల నన్ను 'నిటారు మేడం' అంటారని నాకు తెలుసు. తెలిసి కోప్పడలేదు సరికదా, లోపల్లోపల మురిసిపోయేదాన్ని. నాకే నడుం నొప్పి ఉందని, మధ్యాహ్నం పూట తలుపేసుకుని పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకుంటానని మా ఆయాకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఆయా కొవ్వూరు నుంచి రోజూ బ్రిడ్జి దాటి వచ్చేది. ఐదో తరగతి చదువుకుంది. గది ఊడుస్తూ, దుప్పట్లు మడతపెడుతూ ఎవరొచ్చారు, ఎలా నడిచారు, ఏ చేత్తో తలుపు తోశారు, అన్నీ చూసేది. చూసింది నాకు చెప్పేది. నేను సగం వినేదాన్ని.

నా గది గోడ మీద ఒక మాట రాయించాను. ఎవరిదో కాదు, నా సొంత మాట. "నొప్పి దానంతట అది రాదు. మనం పిలిస్తేనే వస్తుంది." పెయింటర్ చేత నీలం రంగు అక్షరాలతో రాయించి, కింద సరిగ్గా కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి, వంకరగా కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి వేయించాను. ఆ మాట చాలామందికి నచ్చింది. ఎవరైనా తప్పు నీది కాదంటే మనిషి మర్చిపోతాడు. నీదే అంటే గుర్తుపెట్టుకుంటాడు. అది నాకు ఆ రోజుల్లో గొప్ప ఉపాయంలా కనిపించింది.

ఒక ఏడాది, నర్సరీల్లో పనిచేసే వాళ్ళకి నడుం నొప్పుల మీద క్యాంపు పెట్టమని పైనుంచి కాయితం వచ్చింది. చార్టులు చుట్టుకుని కడియం వెళ్ళాను. ఒక పెద్ద నర్సరీలో పచ్చ నెట్ నీడలో పట్టాలు పరిచి ఓ వందమందిని కూర్చోబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, మట్టి కలిపి కవర్లలో నింపేవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగిన నడుము వంగినట్టే ఉంటుంది వాళ్ళకి. నేను మామిడి మొక్క ఉన్న పెద్ద కవరొకటి తెప్పించి, మోకాళ్ళు వంచి, నడుము నిలబెట్టి, ఎలా ఎత్తాలో చేసి చూపించాను.

ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అలా ఎత్తితే చీర కాలి కింద పడుద్దండి మేడం గారు. మొక్కా నేనూ కలిసి పడతామండి" అంది.

ఇంకొకావిడ, "అరగంటకోసారి లేచి నడవమన్నారు కదండి. నడిస్తే మేస్త్రి, ఎక్కడికే అంటాడండి. ఏం చెప్పమంటారు?" అంది.

దేనికైనా నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. "ఇప్పుడు నడవకపోతే రేపు మంచం మీద పడుకుంటావు. అప్పుడు మేస్త్రి వచ్చి కాళ్ళు పడతాడా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదని ఇంటికొచ్చాక కూడా తట్టలేదు.

ఆ రోజు నవ్వకుండా విన్న మనిషి ఒక్కడే. నలభై అయిదేళ్ళుంటాయి. వెనక నిలబడి నేను చూపించిన ప్రతి వ్యాయామం అక్కడికక్కడే చేశాడు. క్యాంపు అయ్యాక వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను గులాబీ మొక్కలకి అంట్లు కడతానండి. మెడ పట్టేస్తుందండి. సాయంత్రానికి భుజాల దాకా లాగుద్దండి" అన్నాడు.

ఎలా కూర్చుంటారో చూపించండి అన్నాను. ఆయన పనిచేసే చోటికి తీసుకెళ్ళాడు. నేల మీద గోనెసంచి, ముందు గులాబీ మొక్కల వరస. కూర్చుని ఒక అంటు కట్టి చూపించాడు. చిన్న చాకుతో వేరు మొక్క బెరడు మీద గాటు పెట్టాడు, మంచి రకం కొమ్మ నుంచి కన్నుని, చిగురొచ్చే మొగ్గని, చెక్కాడు, దాన్ని గాటులోకి జొనిపాడు, పాలిథిన్ పట్టీతో చుట్టి ముడి వేశాడు. నేను ఒకసారి ఊపిరి తీసి వదిలేలోపు అయిపోయింది. మనిషి మాత్రం మెడ పూర్తిగా వంచి, గడ్డం ఛాతీకి ఆనించి ఉన్నాడు.

నర్సరీ యజమాని, అక్కడ రైతు గారంటారు, పక్కనే ఉన్నాడు. "ఈ గులాబీలన్నీ ఈయన చేతివేనండి. ఈయన కట్టిన అంటు చావదండి. ఎక్కడెక్కడి లారీవాళ్ళో వచ్చి, ఆయన కట్టినవే ఎక్కించండి అంటారు" అన్నాడు. ఆయన సిగ్గుపడి నవ్వాడు.

నేల మీద కూర్చోకండి, పీట ఎత్తుగా వేసుకోండి, మొక్కని ఒక బల్ల మీద పెట్టుకుని ఛాతీ ఎత్తుకి తెచ్చుకోండి, అరగంటకోసారి లేవండి, గడ్డం లోపలికి లాక్కునే ఈ వ్యాయామం రోజుకి మూడుసార్లు చెయ్యండి అని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. మర్నాడే ఎత్తు పీట, బల్ల వేయించుకున్నాడట. రెండు నెలల్లో నొప్పి సగానికి తగ్గింది. ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు, ఒక గులాబీ మొక్క పట్టుకుని. నా మాట అంత తు.చ. తప్పకుండా పాటించిన మనిషి అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు. మొదటిసారి నా సలహా పనిచెయ్యడమే ఆయన కొంప ముంచింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడొచ్చినా నాకు అదే మెడ, అదే వంకర కూర్చోవడం కనిపించాయి.

ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

"నొప్పి పెద్దగా లేదండి మేడం గారు. చేతులే ఏంటో తిమ్మిరిగా ఉంటున్నాయండి. ఎవరివో చేతులు తగిలించుకున్నట్టుంటుందండి" అన్నాడు. గొంతు తగ్గించి, "అంట్లు చచ్చిపోతున్నాయండి" అన్నాడు.

"దానికి నేనేం మందిచ్చేదండీ? వ్యవసాయ శాఖ వాళ్ళని అడగండి" అన్నాను.

బెంచీ మీదున్న వాళ్ళంతా నవ్వారు. మర్యాదకి ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనపడుతూ ఉంటుంది. జీవితంలో నేను వేసిన జోకులన్నీ ఎవరైనా తీసేసుకోవచ్చు, ఆ ఒక్కటీ వెనక్కిస్తే చాలు.

ఈ ఉద్యోగంలో ఉన్న పిల్లలు ఇక్కడ కాస్త ఆగి చదవండి. మెడలో వెన్నుపాము నలుగుతుంటే నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. అసలు లేకపోవచ్చు కూడా. చేతులు మొద్దుబారతాయి. చొక్కా గుండీ పట్టదు, సూదిలో దారం ఎక్కదు. కాళ్ళు తడబడతాయి. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. గుప్పిట గబగబా మూసి తెరవమంటే, నిమిషం కూడా పట్టదు, తేడా కళ్ళకి కనపడుతుంది. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూడడానికి ఇంకో నిమిషం. ఇవన్నీ నేను కాలేజీలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. సుత్తి నా సొరుగులోనే ఉంది.

నేను ఆయన మెడ అటూ ఇటూ తిప్పి చూశాను. భుజాలు నొక్కాను. "వ్యాయామం రోజుకి ఎన్నిసార్లు చేస్తున్నారు?" అని అడిగాను.

"చేస్తున్నానండి" అని తల దించుకున్నాడు.

తల దించుకున్నాడు కాబట్టి అబద్ధం చెబుతున్నాడని అనుకున్నాను. అంట్లు చచ్చిపోతున్నాయన్న సిగ్గుతో దించుకున్నాడని ఎందుకు అనుకోలేదో తెలియదు. రిజిస్టర్ తీసి, ఎర్ర ఇంకుతో, "మెడ నొప్పి. అలవాటు లోపం. రోగి పాటించడం లేదు" అని రాశాను.

వానాకాలం మొదలు నుంచి దీపావళి దాకా ఆయన ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ రాసింది అదే. చివరి రెండుసార్లు 'పైవిధంగానే' అని రాసి ఊరుకున్నాను.

నాలుగోసారి వచ్చి వెళ్ళినప్పుడు మా ఆయా ఒక చెప్పు చేత్తో పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"ఆ అంట్లాయన చెప్పు గుమ్మం దగ్గరే జారిపోయిందండి. చూసుకోలేదండి. ఒక కాలికి చెప్పు లేకుండానే మందుల కౌంటర్ దాకా వెళ్ళిపోయాడండి" అంది.

"పరధ్యానం" అన్నాను, రిజిస్టర్ లోంచి తల ఎత్తకుండా.

"పరధ్యానం కాదండి. నేను చెప్పు ఇస్తే కాలికేసి చూసుకుని తెల్లబోయాడండి."

"సరేలే, ముందు ఆ దుప్పటి మార్చు" అన్నాను.

అటు నర్సరీలో ఏం జరిగిందో చెప్పాలి. అక్కడి వాళ్ళకి ఒక పట్టింపు ఉంది. అంటు పట్టాలంటే కట్టేవాడి చేతికి చలవ ఉండాలంటారు. ఒక మనిషి కట్టిన అంట్లు వరసగా చస్తుంటే, చేతి చలవ పోయిందని, కొన్నాళ్ళపాటు ఆ చెయ్యి మొక్క మీద పడనివ్వరు. తిట్టరు, పని మాన్పించరు, మర్యాదగా వేరే పనికి మారుస్తారు. చెయ్యి చల్లబడ్డాక మళ్ళీ చాకు చేతికిస్తారు. వేళ్ళు మొద్దుబారి ముడి వదులుగా పడుతోందని, ఆ సందులోంచి నీళ్ళు దిగి కన్ను కుళ్ళుతోందని అక్కడ ఎవరూ అనుకోలేదు. వాళ్ళని అనేదేముంది? వాళ్ళకి తెలియదు. తెలియాల్సిన మనిషిని, జీతం తీసుకునే మనిషిని, నేను.

ఆరోసారి వచ్చినప్పుడు భార్యని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ కూడా నర్సరీలోనే మట్టి నింపుతుంది. ఆయన కూర్చోలేదు.

"పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకున్నానండి. అయినా చెయ్యి కుదుటపడలేదండి. రైతు గారు మంచిగానే చెప్పారండి, కొన్నాళ్ళు అంట్లు వదిలెయ్యి, మోతకి రా అని" అన్నాడు.

"మోతంటే?"

"మొక్కల ట్రేలండి. చుట్టకుదురు పెట్టుకుని నెత్తిన మొయ్యాలండి, లారీలోకి. మిమ్మల్ని అడక్కుండా ఒప్పుకోలేదండి. మొయ్యొచ్చంటారా?"

ఆయన భార్య ఒక అడుగు ముందుకేసింది. "వద్దని చెప్పండి మేడం గారు. మీ మాటైతే వింటాడండి. మొన్న ఇంట్లో గడప దాటబోయి తూలాడండి. నాకెందుకో భయంగా ఉందండి" అంది.

నేను క్యాంపుల్లో ఎప్పుడూ ఒక ఉదాహరణ చెప్పేదాన్ని. నెత్తిన బరువు మోసే ఆడవాళ్ళ నడక చూడండి, ఎంత నిటారుగా ఉంటుందో అని. అది చెబితే జనం తలలూపేవారు. ఆ ఉదాహరణే నోటికొచ్చేసింది.

"రోజంతా వంగి కూర్చుని మెడ పాడుచేసుకునే కన్నా అదే నయం. తలెత్తుకుని నడుస్తారు. నిక్షేపంగా మొయ్యండి" అన్నాను.

ఆయన మొహం తేటపడింది. భార్య మాత్రం నా వంకే చూస్తూ నిలబడింది. ఇంకేమైనా అంటానేమోనని చూసిందని ఇప్పుడు అర్థమవుతోంది. నేను తరవాతి మనిషిని పిలిచాను.

పదకొండో రోజున తీసుకొచ్చారు.

పొద్దున్న ఎనిమిదింటికి లారీ ఎక్కిస్తున్నారట. నేల మీంచి లారీలోకి వాల్చిన చెక్క మీద ట్రే నెత్తిన పెట్టుకుని సగం దూరం ఎక్కాడు. ఎవరూ తొయ్యలేదు, కాలు జారలేదు. కాళ్ళు ఉన్నట్టుండి మాట వినలేదు, అంతే. ట్రేతో సహా మట్టికుప్ప మీద పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు, ఎముక విరగలేదు. కానీ లేవలేకపోయాడు. పిడికిలి బిగించలేకపోయాడు.

అప్పుడే కొత్తగా వచ్చిన ఎముకల డాక్టర్ గారొకాయన ఉండేవారు. మా అబ్బాయి వయసు, నెమ్మదస్తుడు. ఆయన నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి మంచం పక్కన నిలబడి అంట్లాయన మోకాలి కింద సుత్తితో కొడుతున్నారు. కాలు ఉండాల్సిన దానికన్నా గట్టిగా ఎగిరి పడింది. రెండో కాలూ అంతే. గుప్పిట మూసి తెరవమన్నారు. వేళ్ళు నత్తనడకన ముడుచుకుని సగంలో ఆగిపోయాయి. నాకు అక్కడే అర్థమైపోయింది. చదువుకున్న పేజీ, దాని మీద గీసిన బొమ్మ, అన్నీ గుర్తొచ్చాయి.

"చేతులు ఇలా ఎన్నాళ్ళ నుంచి?" అని డాక్టర్ గారు అడిగారు.

"అంట్లు చావడం మొదలైన కాణ్ణించండి" అన్నాడాయన.

"అంటే?"

"మేడం గారికి తెలుసండి. చెప్పానండి" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. నేను అక్కడ ఉండడం ఆయనకి ధైర్యంగా ఉన్నట్టు అన్నాడు.

డాక్టర్ గారు నా రిజిస్టర్ తెప్పించుకుని పేజీలు తిప్పారు. ఎర్ర ఇంకు వెతుక్కోనక్కర్లేకుండానే కనపడుతుంది. "మేడం, రిఫ్లెక్సులు ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.

ఆయన రిజిస్టర్ మూసి నా చేతికిచ్చారు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, రోజుకి అరవైమందిని చూస్తాం, మనిషన్నాక పొరపాటు రాదా అని. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. గుమ్మం దగ్గర మా ఆయా నిలబడి ఉంది. ఆ చెప్పు సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి చూసినవి నాకు చెప్పడం మాత్రం మానేసింది. నాకు సాయంగా ఉన్న ఆవిడ కళ్ళని నేను పోగొట్టుకోవడం కూడా నా స్వయంకృతమే.

ఆయన్ని కాకినాడ పంపించారు. మెడకి ఆపరేషన్ చేశారు. ఇక ముందుకి పోకుండా ఆపగలిగాం, పోయింది తేలేం, కాస్త ముందొచ్చి ఉంటే వేరేగా ఉండేదేమో అని కాయితంలో కాదు, నోటితో చెప్పి పంపారు. కాస్త ముందు అంటే ఎంత ముందో నాకు లెక్క తెలుసు. ఆరు ఎర్ర రాతల ముందు.

తర్వాత ఏడాదిపాటు వ్యాయామాల కోసం నా గదికే వచ్చాడు. వేరే చోటికి పంపిస్తానన్నాను. "మీ దగ్గరికే వస్తానండి" అన్నాడు. కర్ర సాయంతో నడక వచ్చింది. చేతులు రాలేదు. బట్టల క్లిప్పులు తీయించాను, శనగలు ఏరించాను, మైనం పిసికించాను. శనగ గింజ పట్టుకోబోతే వేళ్ళు దాని పక్కన పడేవి. ఒకరోజు ఆయన భార్య చేత వేరు మొక్క ఒకటి, గులాబీ కొమ్మ ఒకటి, తన పాత చాకు, పాలిథిన్ పట్టీ తెప్పించాడు. తను చెబుతాడట, నన్ను కట్టమన్నాడు. ఎందుకో కాదనలేకపోయాను. "గాటు లోతుగా వద్దండి. కన్ను కింద గోరంత వదలండి. పట్టీ లాగి పట్టుకోండి, ఇంకా, ఇంకా, ఆయ్, ఇప్పుడు ముడెయ్యండి" అని చెబుతుంటే చెమటలు కక్కుతూ కట్టాను. ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టి, ఈ ఒక్కటీ బతికితే చాలని రోజూ పొద్దున్నే చూసేదాన్ని. పదిరోజుల్లో నల్లబడిపోయింది. ఏమైందని ఆయన అడిగితే చిగురేసిందని అబద్ధం చెప్పాను. దాని మీద ఆయన చాలా ప్రశ్నలు వేశాడు. అన్నిటికీ అబద్ధాలే చెప్పాను.

నేను రిటైరైన రోజున దండ వేసి, శాలువా కప్పి, ఎంతోమంది వెన్ను నిలబెట్టిన తల్లి అని ఎవరో మైకులో అన్నారు. ఆయన చివరి వరసలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజే తప్పు నాదని ఆయనకి చెప్పేద్దామనుకున్నాను. శాలువా కప్పుకుని ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు మూడేళ్ళు పట్టింది వదలడానికి.

ఈ వేసవిలో వెళ్ళాను. కడియం దాటి లోపలికి ఆటోలో. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. పంచలో ఎత్తు పీట మీద ఆయన కూర్చుని ఉన్నాడు. అది నేను చెప్పి వేయించిన పీట, నర్సరీ నుంచి ఇంటికి తెచ్చుకున్నాడట. ఎదురుగా అరుగు మీద పక్కింటి ఆడపిల్లలిద్దరు ఫోన్ చూసుకుంటున్నారు. "తలెత్తండమ్మా. ఫోన్ పైకి పట్టుకోండి. నొప్పి దానంతట అది రాదు, మనం పిలిస్తేనే వస్తుంది" అని వాళ్ళకి చెబుతున్నాడు. నేను రావడం ఆయన ఇంకా చూడలేదు.

కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. భార్య పనిలోంచి అప్పుడే వచ్చినట్టుంది, గోళ్ళలో మట్టి ఉంది. ఆ మజ్జిగ తాగకుండానే చెప్పాను. తాగాక చెప్పడానికి నోరు రాదేమోనని భయం.

"మీకు ఇలా అవడం నా తప్పండి. చేతులు తిమ్మిరని మొదటిసారి వచ్చిన రోజే నాకు తెలియాలి. అంట్లు చస్తున్నాయని మీరు చెబితే నవ్వాను. మొయ్యొద్దని మీ ఆవిడ మొత్తుకుంటే మొయ్యమన్నాను. అది మీ అలవాటు వల్ల వచ్చింది కాదు. నేను చూడకపోవడం వల్ల ఇంతదాకా వచ్చింది" అన్నాను.

ఆయన కంగారుపడిపోయాడు. "అయ్యో, అలా అనకండి మేడం గారు. మీరు అంత బాగా నేర్పారు. నేనే సరిగా చెయ్యలేదండి. రోజుకి మూడుసార్లు చెయ్యమంటే రెండుసార్లే చేశానండి. చేస్తే ఇలా అవుతుందాండి?"

"కాదండి. మీరు చేసినా చెయ్యకపోయినా..."

"లేదండి, నాకు తెలుసు కదండి" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు.

భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. "రెండుసార్లు కాదండి" అంది, నన్ను కాకుండా నేలని చూస్తూ. "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఒక్కరోజు మానలేదండి. జ్వరమొచ్చినా చేశాడండి. చేతులు తిమ్మిరెక్కాక ఇంకో రెండుసార్లు ఎక్కువ చేశాడండి. నేను చూశానండి."

"దానికేం తెలుసండి, అది పనిలో ఉండేది" అన్నాడాయన.

ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఇంకో రెండు రకాలుగా చెప్పి చూశాను. బొమ్మ గీసి చూపిస్తానన్నాను. ఆయన ఓపికగా విన్నాడు, విని, మీ మంచితనం కొద్దీ అలా అంటున్నారండి అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేలమందికి ఎన్ని నేర్పానో, అందరూ గుమ్మం దాటగానే మర్చిపోయారు. నేను నేర్పినవాటిల్లో ఇదొక్కటే ఒకడికి పూర్తిగా పట్టింది. అది ఇక ఊడదు.

ఆ రిజిస్టర్ ఇప్పుడు ఆసుపత్రి స్టోర్ లో ఏ కట్టలో ఉందో. ఉన్నా, అందులో ఆరుచోట్ల ఉన్న ఆ రాత అబద్ధమని పక్కన రాయడానికి నాకిప్పుడు హక్కు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. రోగి పాటించాడు.

నేను వెళ్ళొస్తానని లేస్తే ఆయన కూడా కర్ర ఊతంతో లేచాడు. వద్దన్నా వినకుండా వీధి గుమ్మం దాకా వచ్చాడు. కర్రని గోడకి ఆనించి నమస్కారం పెట్టబోయాడు. వేళ్ళు ఒకదానికొకటి ఆనలేదు, కుడిచెయ్యి సగంలోనే వంకరగా ఆగిపోయింది. గడ్డం లోపలికి లాక్కుని, భుజాలు వెనక్కి పెట్టి, మెడ నిటారుగా నిలబెట్టాడు. ఆటో మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.